కడుపునొప్పి అనే అనుకున్నాం

మా అమ్మాయికి కడుపునొప్పి మొదలైంది తొమ్మిదో తరగతిలో, దసరా సెలవులు అయిపోయి బడి తెరిచిన రోజున. ఇప్పుడు పదో తరగతి పరీక్షలు రాసేసి తమ్ముడితో క్యారమ్స్ ఆడుకుంటోంది. ఆ గోల వింటూ ఇది రాస్తున్నాను. ఇన్నాళ్లూ రాయడానికి నాకు ధైర్యం చాలలేదు.

మాది ఒడిశాలో రాయగడ. నేను పుట్టింది పార్వతీపురంలో, పెళ్లయి ఇక్కడికొచ్చాను. మావారి తాతగారి నాటి నుంచి ఈ ఊళ్లోనే కిరాణా కొట్టు. ఇంట్లో తెలుగు, గడప దాటితే ఒడియా. పిల్లల చదువులు, స్నేహాలు అన్నీ ఒడియాలోనే. నాకు మాత్రం సంతలో బేరమాడేంతే వచ్చు.

పొద్దున్న ఏడున్నరకి బడి వ్యాన్ హారన్ వినబడగానే మెలికలు తిరిగిపోయేది. ఒక్కోరోజు వాంతులు. ఆదివారం మాత్రం ఏమీ ఉండేది కాదు. ఈ తేడా నాకు మూడు నెలలు కనబడలేదు. గ్యాస్ మాత్రలు, నులిపురుగుల మందు, రక్తపరీక్షలు, రెండు స్కానింగులు అయ్యాయి. దిష్టి తీశాం, తాయెత్తు కట్టించాం. టిఫిన్ డబ్బా ఎలా పంపితే అలాగే తిరిగొచ్చేది.

రెండో స్కానింగ్ చేసిన డాక్టరు రిపోర్టు టేబుల్ మీద పడేసి, "ఏమీ లేదమ్మా. బడి ఎగ్గొట్టడానికి వేషాలు. రెండు ఇంటి పనులు చెప్పండి, నొప్పి అదే పోతుంది" అన్నాడు. నేను నవ్వాను. పెద్ద జబ్బేదీ కాదని ప్రాణం కుదుటపడి నవ్వాను, కానీ పిల్లకి కనబడింది నా నవ్వే కదా. అది మాట్లాడకుండా ఫైలు అంచుని గోటితో గీకుతూ కూర్చుంది. ఆ అంచు ఇప్పటికీ పీచులు పీచులుగా ఉంది. ఆ డాక్టరు మీద నా కోపం తగ్గలేదు. నా మీద ఉన్నది అంతకంటే తగ్గలేదు.

అప్పటికే తలకి నూనె రాయనిచ్చేది కాదు. ఒకరోజు బలవంతంగా జడ విప్పితే మెడ దగ్గర జుట్టు ఉండకట్టుకుపోయి ఉంది. దువ్వెన దిగక కత్తెరతో కోసేశాను. కోస్తూ, ఇంత ఈడొచ్చి ఇదేం బద్ధకమని తిట్టాను. పలకలేదు. తల దువ్వుకునే ఓపిక కూడా లేకపోవడం జబ్బులో భాగమని నాకు ఎవరు చెప్పారు గనక!

జనవరిలో ఒక రాత్రి ఒంటిగంట దాటాక మెలకువొచ్చింది. పక్కన పిల్ల లేదు. వంటింట్లో లైటు వేసుకోకుండా, గోడకి మొహం పెట్టి, కింద కూర్చుని ఉంది. నేల మంచులా ఉంది. పక్కన కూర్చుని "కడుపు నొప్పా తల్లీ" అన్నాను. చాలాసేపటికి, "నేను లేకపోతే మీకీ ఖర్చులుండవు కదమ్మా" అంది.

ఆ మాటకి నా చేతులు చల్లబడిపోయాయి. ఎలా అడిగానో తెలీదు, "చచ్చిపోవాలనిపిస్తోందా" అని అడిగేశాను. తలూపింది. అడిగి తప్పు చేశానేమో, లేని ఆలోచన నేనే పెట్టానేమో అని తర్వాత ఎన్నో రోజులు కుమిలిపోయాను. అలా అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, పిల్లలకి చెప్పుకునే దారి దొరుకుతుంది అని విశాఖపట్నంలో డాక్టరమ్మ చెప్పాకే నాకు నిద్ర పట్టింది.

ఆయన్ని లేపాను. నర్సింగ్ చదువుతున్న మా అన్నయ్య కూతురు ఎప్పుడో చెప్పిన నంబరు గుర్తొచ్చింది, 14416. మనసు బాగోలేనివాళ్లు ఫోన్ చేసి సాయం అడిగే నంబరు, టెలీ మానస్ అంటారు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ ఎత్తుతారు. తెలుగులోనూ మాట్లాడతారు, కానీ మా పిల్ల ఒడియా కావాలంది. "మోతే భల లాగునాహిఁ" అంది. బాగోలేదు అని, అంతవరకు నాకర్థమైంది. ఆ తర్వాత ఏడుస్తూ గబగబా చెప్పినదాంట్లో సగం నాకు తెలియని మాటలే. నా కడుపున పుట్టిన పిల్ల బాధ నాకు అర్థం కాని భాషలో చెప్పుకుంటుంటే తలుపు పట్టుకుని నిలబడ్డాను. తెలుగులో ఎందుకు మాట్లాడలేదని తర్వాత అడిగితే, "నీకర్థమైతే ఏడుస్తావు కదమ్మా" అంది.

ఫోన్లో ఉన్నావిడ మాతో కూడా మాట్లాడింది. పిల్లని ఒంటరిగా వదలొద్దు, ఇంట్లో మందులూ ప్రమాదకరమైనవీ ఏవున్నా అందకుండా తీసేయండి, తెల్లారగానే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి అంది. కొట్లో ఉన్న ఎలకల మందు పెట్టెతో సహా ఆ రాత్రే ఆయన బయటికి పంపేశారు. ముగ్గురం తెల్లారేదాకా వంటింట్లోనే కూర్చున్నాం. ఆ పేరు తెలియని అమ్మాయికి నేను రోజూ దణ్ణం పెట్టుకుంటాను.

మా ఆడపడుచు మాత్రం, "పిచ్చి డాక్టరు దగ్గరికా? రేపు పెళ్లి ఎవరు చేసుకుంటారు, వదినా?" అంది. జవాబు చెప్పకుండా రైలెక్కాం.

విశాఖపట్నం డాక్టరమ్మ మొట్టమొదట పిల్లతో అన్న మాట, "నీ కడుపునొప్పి నిజమే". భయం, దిగులు ఎక్కువైతే పేగులు నిజంగానే పట్టేస్తాయట. మెదడుకీ పేగులకీ నరాల సంబంధం ఉంది కాబట్టి స్కానింగులో కనబడకపోయినా నొప్పి ఉంటుందని బొమ్మ గీసి చూపించారు. ఆ రోజు మా పిల్ల తలెత్తి ఒక మనిషి మొహం చూసింది. డిప్రెషన్ అన్నారు. బడిలో మార్కులు పైకి చదివి నవ్వించిన టీచరు వల్లే వచ్చిందని నేను వాదించాను. ఒక్క కారణమంటూ ఉండదమ్మా అన్నారు. నాకిప్పటికీ ఆ టీచరుని క్షమించాలని లేదు.

మందు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదట్లో కుదురు లేకపోతే వెంటనే ఫోన్ చేయండి, బాగుందని మీ అంతట మీరు ఆపేయొద్దు అన్నారు. కౌన్సెలింగ్ మొదట వారానికోసారి, తర్వాత ఫోన్లో. అదంతా చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. టికెట్లు, చీటీలు, ఎదురుచూపులు.

చెప్పాల్సింది మా బాబు సంగతి. వాడికి తొమ్మిదేళ్లు. మూడోసారి వెళ్లినప్పుడు డాక్టరమ్మ వాణ్ణి కూడా పిలిచారు. "అక్కతో రిమోట్ కోసం కొట్లాడాను. అందుకే అక్కకి జబ్బొచ్చింది" అన్నాడు. నాలుగు నెలలుగా వాడు మళ్లీ పక్క తడుపుతున్నాడు. నేను దుప్పట్లు ఉతికానే కానీ వాడినొక్కసారి ఏమైందిరా అని అడగలేదు. వాళ్ల నాన్న అక్కడే వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని ఏడ్చేశారు. ఆయన ఏడవడం పిల్లలు చూడ్డం అదే మొదలు.

10 నుంచి 19 ఏళ్ల లోపు వాళ్లలో ప్రతి 7 గురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే మా వీధిలోనూ ఉన్నారు, ఎవరూ చెప్పుకోరు అంతే. మీ పిల్లకి బడి రోజుల్లోనే నొప్పి వచ్చి సెలవుల్లో పోతుంటే, తిండీ నిద్రా స్నేహాలూ మారిపోతే, స్కానింగుతో పాటు పక్కన కూర్చుని అడగండి. ఒడిశాలో ప్రభుత్వాసుపత్రుల్లో ఈడు పిల్లల కోసం శ్రద్ధా క్లినిక్ అని ఉంటుంది, అక్కడైనా అడగొచ్చు. అమ్మవారికి మొక్కుకోండి, నేనూ మొక్కుకున్నాను. మందు మాత్రం మానొద్దు.

మా ఊరి అమ్మవారు మజ్జి గౌరమ్మకి చీర బాకీ ఉన్నాను. చైత్ర జాతరలోపు తీర్చాలి. నిన్న కొట్టుకెళ్లి నేను ఎరుపు తీస్తే, "అమ్మవారికి అందరూ ఎరుపే ఇస్తారమ్మా" అని పిల్ల చిలకాకుపచ్చ తీయించింది. ఇంటికొచ్చాక కొబ్బరినూనె సీసా, దువ్వెన పట్టుకొచ్చి నా ముందు కింద కూర్చుంది. అప్పుడు కోసిన చోట జుట్టు ఇంకా పొట్టిగానే ఉంది, జడలో ఇమడట్లేదు. పిన్ను పెట్టాను.