కొంచెం తగ్గిందంటే ఎంత?

పదకొండున్నర దాటింది. ఇంట్లో అందరూ పడుకున్నారు. ఫ్రిజ్ తలుపుకు అంటించిన ఆపరేషన్ ఖర్చు అంచనా కాగితం మాత్రం వంటింట్లోకి పోయినప్పుడల్లా కంట్లో పడుతోంది. మంచినీళ్ళకు పోయినా అదే, పాలు లోపల పెట్టబోయినా అదే. గురువారంలోగా ఏదో ఒకటి చెప్పాలట. వదినకు కుడివైపు ఎస్.ఐ. జాయింటు ఫ్యూజన్, అంటే వెన్ను అడుగుభాగం తుంటి ఎముకను కలిసే కీలును కదలకుండా అతికించే ఆపరేషన్. టైటానియం ఇంప్లాంట్లు మూడు, ఆసుపత్రిలో ఒక రాత్రి.

నన్ను పడుకోనివ్వనిది అందులోని మొత్తం కాదు. దానికి పిన్ను కొట్టిన రెండో కాగితం. జూన్‌లో వేసిన ఇంజెక్షన్ తాలూకు సారాంశం అది. ‘ఇంజెక్షన్‌కు స్పందన బాగుంది’ అని ఒక్క వాక్యం ఉంది. ఆ వాక్యం ఎట్లా పుట్టిందో నాకు తెలుసు. పదహారు రోజుల తర్వాత ఫోన్ చేసి "నొప్పి తగ్గిందా అమ్మా?" అని అడిగారు. వదిన అప్పుడు పిల్లోడికి అన్నం పెడతా ఉంది. "కొంచెం తగ్గింది సార్" అనింది. అంతే, ఫోన్ పెట్టేశారు. ఆ ‘కొంచెం’ని నమ్ముకుని మూడు లోహపు ముక్కలు ఎముకలోకి దిగబోతున్నాయి.

ఈ ఆపరేషనుకు ముందు వేసే ఇంజెక్షన్ మొదట సాక్ష్యం కోసం, వైద్యం సంగతి ఆ తర్వాత. వెన్ను అడుగున ఉండే త్రికాస్థికీ తుంటి ఎముకకూ నడుమనున్న ఆ కీలులోకి మత్తుమందు పోయినప్పుడు, నొప్పి అక్కడిదే అయితే ఆ మందు పనిచేసే గంటల్లో అణగిపోవాలి. లిగ్నోకైన్ అయితే గంటా రెండు గంటలు, బుపివకైన్ అయితే ఇంకొన్ని గంటలు. ఆ గంటల్లోనే మనిషిని నడిపించాలి, మెట్లెక్కించాలి, ఏ పని చేస్తే ప్రాణం పోతుందో సరిగ్గా ఆ పనే చేయించాలి. అరగంటకోసారి పదికి ఎంత నొప్పి అని అంకె రాయించాలి. సగం తగ్గితే చాలనే డాక్టర్లున్నారు, ముప్పాతిక తగ్గాలని పట్టుబట్టేవాళ్ళూ ఉన్నారు. మత్తుమందుతో పాటు కలిపే స్టెరాయిడ్ పని మొదలుపెట్టేది రెండు మూడు రోజులు పోయాక. అది పక్కనున్న లిగమెంట్లనూ, అంటే ఎముకల్ని కట్టి ఉంచే పట్టీలనూ శాంతింపజేస్తుంది, నరాల చుట్టూ ఉన్న వాపునూ తగ్గిస్తుంది. పదహారో రోజు నొప్పి తగ్గిందన్న మాట నుంచి ఫలానా కీలే కారణం అని తేల్చడం కుదరదు.

ఆ రోజు ఏం చేశారంటే, సూది వేసి రెండు గంటలు వెల్లకిలా పడుకోబెట్టారు. పైగా నిద్రమత్తు కూడా ఇచ్చారు. నిద్రపోయే మనిషికి నొప్పి ఉందో పోయిందో ఎట్లా తెలుస్తుంది? సారాంశంలో మందు మొత్తం 5 మి.లీ. అని రాసుంది. ఆ కీలులో పట్టేదే రెండు, మహా అయితే రెండున్నర మి.లీ. మిగతాది ఎక్కడికి పోయినట్టు? ముందువైపు కారితే అక్కడ కాల్లోకి పోయే ఎల్5 నరం, వెనకవైపు కారితే లిగమెంట్లు, లేదంటే ఎస్1 నరం. అక్కడి నొప్పి తగ్గినా మనం తీసుకొచ్చి కీలు ఖాతాలోనే రాస్తాం. సూది కీలు కిందిభాగంలో సరిగ్గా దిగిందని చూపించే కాంట్రాస్ట్ బొమ్మ, అంటే ఎక్స్‌రేలో కనబడే మందు వేసి తీసిన బొమ్మ, ఒక్కటి కూడా ఫైలులో లేదు. సీ-ఆర్మ్ ఎక్స్‌రే తెర మీద చూశామన్నారు. చూసినదాన్ని ఒక బొమ్మగా తీసి ఫైల్లో పెట్టడానికి ఎంతసేపు పడుతుంది?

దీని గురించి అన్నతో మాట్లాడితే "నువ్వు డాక్టరువి కాదు కదా" అన్నాడు. నిజమే, కాదు. ఆ సూది వేసినవాళ్ళను తిట్టాలని కూడా నాకు లేదు. రోజుకు ఎంతమందిని చూస్తారో నాకు తెలుసు. కానీ ఒక నర్సమ్మ చేతికి ఒక కాగితం, ఒక పెన్ను ఇచ్చి గడియారం చూసుకోమని ఉంటే సరిపోయేది. ఖర్చులేని పని అది. ఆ పని జరగలేదు కాబట్టి ఇప్పుడు మా ఇంట్లో నలుగురం నాలుగు రకాలుగా మాట్లాడుకుంటున్నాం.

అట్లాగని ఎస్.ఐ. కాదని నేననను. వదినను నొప్పి ఎక్కడ అంటే అరచెయ్యి పెట్టదు, ఒక్క వేలు పెడుతుంది. నడుం కింద సొట్ట పడే చోటుకు కాస్త కిందగా, లోపలికి. ఎన్నిసార్లు అడిగినా అక్కడే. నేను చేసిన ఐదు పరీక్షల్లో నాలుగింటికి నొప్పి లేచింది. తొడను నిటారుగా ఎత్తి మోకాలి మీంచి కిందికి నొక్కినప్పుడు, పక్కకు పడుకోబెట్టి తుంటి మీద బరువు వేసినప్పుడు, త్రికాస్థి మీద నొక్కినప్పుడు, మంచం అంచున ఒక కాలు వేలాడదీసి రెండో మోకాలు గుండెకు లాగినప్పుడు. కనీసం మూడింటికి లేస్తే అనుమానం గట్టిపడుతుంది. కాలు నిటారుగా లేపితే నరం లాగదు, మోకాలి కింద తిమ్మిరి లేదు. అయినా ఎం.ఆర్.ఐ.లో నడుం దగ్గరి ఎల్4–ఎల్5 వెన్నుపూసల నడుమ డిస్కు కాస్త ఉబ్బిందని కనబడేసరికి రెండేళ్ళు అందరూ డిస్కు డిస్కు అన్నారు. ఆ వయసులో ఏ నొప్పీ లేనివాళ్ళలో కూడా చాలామందికి అట్లాంటి ఉబ్బు కనబడుతుంది. ఎదురింటి పెద్దమ్మ పుత్తూరు కట్టు వేయించమనింది. కట్టు విరిగిన ఎముకకు కదా, ఇక్కడ విరిగిందేమీ లేదు. ఇంకొకాయన కీలు జరిగిందని చెప్పి వారం వారం టకటకలాడించి పంపేవాడు. ఈ కీలు కదలికంతా కలిపి రెండు మూడు డిగ్రీలు, ఒకటి రెండు మిల్లీమీటర్లు. అది జరగడమేంటి, వారం వారం మళ్ళీ ఎక్కించడమేంటి!

వాతం ఉందేమోనని హెచ్.ఎల్.ఏ.-బి27, ఈ.ఎస్.ఆర్., సి.ఆర్.పి. రక్తపరీక్షలు చేయించాం, బాగున్నాయి. ఎం.ఆర్.ఐ.లో ఎముక వాపు లేదు. వెన్నుకు పట్టే కీళ్ళవాతం, యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అయ్యుంటే దారే వేరు, దానికి మందులు. టీబీ ఈ కీలుకు పట్టడం మన దగ్గర అరుదేమీ కాదు, దాన్ని చూడకుండా మేకులు దించితే ఘోరం. ఆ భయాలు తీరాయి.

ఇదంతా మొదలైంది మెట్ల మీద. చిన్నోడి పుట్టువెంట్రుకలకు పోయినప్పుడు. అప్పుడు వాడికి ఏడో నెల. గర్భంలో సడలిన లిగమెంట్లు ప్రసవం అయిన మర్నాటికే బిగుసుకోవు, నెలలు పడుతుంది. వదినేమో అలిపిరి నుంచి మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెడతానని మొక్కుకునుంది. 3,550 మెట్లు. తెల్లవారకముందే పాదాల మండపం దగ్గర మొదలుపెట్టాం. ఎడమ చేతిలో స్టీలు పళ్ళెం, కుడిచేత్తో పసుపు పూయడం, ఉంగరపు వేలితో కుంకుమ. ప్రతిసారీ కుడికాలు పైమెట్టు మీద, నడుం వంచి, కుడికి తిప్పి. ఒకే వైపు, ఒకే తీరు. ఆ కీలుకు పనిగట్టుకుని శిక్ష వేయాలంటే అంతకంటే మంచి పద్ధతి దొరకదు. అప్పుడు ఎవరికి తోచింది? గాలి గోపురం దగ్గర అమ్మ కట్టిచ్చిన పులిహోర తిన్నాం. వదిన వేళ్ళన్నీ పచ్చగా, నుదురంతా చెమట, నవ్వుతా ఉంది. చిన్నోడు నాయన భుజం మీద నిద్రపోయాడు. మోకాళ్ళ పర్వతం ఎక్కేటప్పుడు పక్కన ఒక ముసలామె మోకాళ్ళ మీద పాకుతా గోవిందా అంటా ఉంటే, వదిన ఆగి ఆమె ముందున్న నాలుగు మెట్లకు కూడా బొట్లు పెట్టింది. ఆ తర్వాత ఎక్కడో పళ్ళెం మీంచి కుంకుమ భరిణె మూత దొర్లింది. పట్టుకోబోయి ఒక మెట్టు వెనక్కి దిగింది. కుడికాలు మోకాలు మడవకుండా, మనిషి బరువంతా కర్రమీద పడినట్టు పడింది. కిందపడలేదు. "ఏం కాలేదులే" అని మూత తుడుచుకుని మిగిలిన మెట్లన్నిటికీ పసుపు పెట్టింది. ఒక్క మెట్టు వదల్లేదు. ఆ రాత్రి కొండ మీద గదిలో పక్కకు తిరగలేక పోయింది. మర్నాడు కల్యాణకట్టలో పిల్లోణ్ణి ఒళ్ళో పెట్టుకుని కింద కూర్చుంది కానీ లేచేటప్పుడు నా భుజం పట్టుకుంది. అప్పటి నుంచి మూడేళ్ళు, ఆ చెయ్యి ఎవరో ఒకరి భుజం మీద ఉండాల్సిందే.

ఇది రాసి కాసేపు ఆగిపోయాను. వద్దని చెప్పాలనే కూర్చున్నా ఈ రాత్రి. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేకపోతున్నా. మంచం మీద తిరిగినప్పుడల్లా నిద్ర లేచే మనిషిని ఇంకా ఎన్నాళ్ళు వ్యాయామం చెయ్యమనాలి? ఆరు నెలలు మందులు, బెల్టు, ఫిజియో సరిగ్గా చేసినా తగ్గకపోతేనే ఆపరేషన్ మాట ఎత్తాలంటారు. వదినకు మూడేళ్ళయింది. అమెరికాలో 148 మందితో చేసిన ఇన్‌సైట్ అనే పరీక్షలో, ఆరు నెలలకు ఇంప్లాంట్లు వేయించుకున్నవాళ్ళు మామూలు చికిత్సలో ఉన్నవాళ్ళకంటే స్పష్టంగా మెరుగ్గా ఉన్నారు. పని కూడా పెద్ద కోత కాదు. బోర్లా పడుకోబెట్టి, పిరుదు పక్కన మూడు నాలుగు సెంటీమీటర్లు కోస్తారు. పిన్నును తుంటి ఎముకలోంచి కీలు దాటించి త్రికాస్థిలోకి పోనిస్తారు. దాని మీదుగా డ్రిల్లు, ఆ తర్వాత మూడు మూలల దారి చేసే బ్రోచ్, చివరికి ఇంప్లాంటు. త్రిభుజంగా ఉంటుంది కాబట్టి ఎముకలో గిర్రున తిరగదు. గంట పని.

అయితే ఆ పరీక్షకు డబ్బు పెట్టింది ఇంప్లాంటు తయారుచేసే కంపెనీయే. తమకు ఏ చికిత్స అందిందో రోగులందరికీ తెలుసు. 2024లో నార్వే, స్వీడన్ డాక్టర్లు ప్రచురించిన పరీక్షలో 63 మందిని తీసుకుని, కొందరికి నిజం ఇంప్లాంట్లు, మిగతావాళ్ళకు చర్మం కోసి ఇంప్లాంటు పెట్టకుండా కుట్టేయడం. ఎవరికి ఏది జరిగిందో రోగికి చెప్పలేదు. ఆరు నెలలకు రెండు గుంపుల నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఇది చదివినప్పటి నుంచి ‘స్పందన బాగుంది’ అన్న మాట నాకు ఇంకా బరువైపోయింది. ఒక్క పరీక్షతో అంతా తేలిపోదు, నిజమే. కానీ సందేహం ఇంతున్న చోట, ఏ కీలు అన్న ప్రశ్నకైనా జవాబు గట్టిగా ఉండాలి కదా.

ఆపరేషన్‌లో తప్పు జరిగితే ఏమవుతుందో ఆసుపత్రిలో కౌన్సెలింగు చేసిన అమ్మాయి చెప్పలేదు. పిన్ను ముందుకు పోతే ఎల్5 నరం, లోపలికి ఎక్కువ పోతే ఎస్1. మత్తు దిగాక కాల్లో కొత్త నొప్పి ఉందంటే, రేపు చూద్దాం అనకూడదు, వెంటనే సీటీ స్కాన్ తీసి ఆ ఇంప్లాంటును వెనక్కి లాగాలి. ఎముక గుల్లబారి ఉంటే పట్టు దొరకదు, అందుకే ముందే ఎముక సాంద్రత చూడాలి. వదులైతే ఏడాది తర్వాత సీటీలో ఇంప్లాంటు చుట్టూ నల్లటి అంచు కనబడుతుంది, నొప్పి మళ్ళీ మొదలవుతుంది. మళ్ళీ తెరవడం మొదటిదంత సులువు కాదు. మూడు నుంచి ఆరు వారాలు వాకరుతో, కుడికాలి మీద బరువు పూర్తిగా వేయకుండా నడవాలి. మేముండేది మొదటి అంతస్తు, పద్దెనిమిది మెట్లు. కింద కూర్చోకూడదు, పిల్లోణ్ణి ఎత్తకూడదు. చూసుకుందామంటే అమ్మ మోకాళ్ళు కూడా బాగాలేవు. ఇవేవీ అంచనా కాగితంలో లేవు.

ఈ రోజు ఒక మంచి సంగతీ జరిగింది. వదిన బెల్టు ఎప్పుడూ నడుముకు బిగిస్తుంది, చీర మీద. ఈ పొద్దు దాన్ని నాలుగు వేళ్ళు కిందికి దించాను. ముందువైపు తుంటి ఎముక మొనల కిందగా, తొడ పక్కన పొడుచుకొచ్చే ఎముకకు పైన రావాలి, చెయ్యి దూరీ దూరనంత బిగుతుగా. మధ్యాహ్నం సంగటి తనే కెలికింది. తెడ్డు తిప్పేటప్పుడు ఆగలేదు.

దాంతో ఇంకో మాట ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆరు నెలల ఫిజియో సరిగ్గా జరిగిందా అంటే, జరగలేదు. వెల్లకిలా పడుకుని నడుం పైకెత్తే బ్రిడ్జిలు ఆరు వారాలు చేసింది, చిన్నోడికి జ్వరం వచ్చి ఆగిపోయింది, మళ్ళీ మొదలుపెట్టించలేదు. బెల్టు మూడేళ్ళూ తప్పు చోట ఉంది. మెట్లెక్కేటప్పుడు ఎడమకాలు ముందు, దిగేటప్పుడు కుడికాలు ముందు అని ఎవరూ చెప్పలేదు. మంచం మీద తిరిగేటప్పుడు మోకాళ్ళ నడుమ దిండు పెట్టుకుని రెండూ కలిపి తిప్పమనీ చెప్పలేదు. ఇవన్నీ చేసి చూశాక కూడా తగ్గకపోతే అప్పుడు ఆపరేషనుకు నేనే వెంటపోతాను.

అందుకని గురువారం నాడు వద్దనీ చెప్పం, సరేననీ చెప్పం. రెండోసారి ఇంజెక్షన్ అడుగుతాం. ఇక్కడ కుదరదంటే రాయవేలూరు (వెల్లూరు) ఆసుపత్రికి పోదాం, చిత్తూరు దాటితే ఎంతసేపు. నిద్రమత్తు వద్దు, స్టెరాయిడ్ వద్దు, ఉత్త మత్తుమందు, కాంట్రాస్టుతో కలిపి రెండున్నర మి.లీ. దాటకుండా, బొమ్మ ఒకటి చేతికివ్వాలి. ఆ పొద్దున నొప్పి మాత్ర వేసుకోకూడదు, ముందే నొప్పి అణిగి ఉంటే సూదికి తగ్గిందో లేదో కొలవలేం.

పిల్లోడి నోటుబుక్కులో ఒక పేజీ చింపి గళ్ళు గీస్తున్నా. అడ్డంగా సూదికి ముందు, అరగంట, గంట, గంటన్నర, రెండు, మూడు, నాలుగు, ఆరు. నిలువుగా మెట్లెక్కడం, కుర్చీలోంచి లేవడం, కుడిపక్కకు తిరిగి పడుకోవడం, కుడికాలి మీద నిలబడడం. కాలు మొద్దుబారితే మాత్రం మెట్ల జోలికి పోకూడదని కింద గీత గీసి రాశా, మందు నరానికి తగిలినా కాలు బలం తప్పొచ్చు.

ఇందాక వదిన నీళ్ళకు లేచి వచ్చింది. "ఏంది పాపా, నిద్రపోలేదా" అని గట్టుకు ఆనుకుని, ఎడమకాలి మీద నిలబడి ఆ గళ్ళన్నీ చదివింది. పెన్ను తీసుకుని అడుగున ఇంకో వరుస రాసింది. ‘చిన్నోణ్ణి చంకనెత్తుకోవడం, కుడిపక్క.’

వాడు పద్నాలుగు కిలోలు. కొట్టేద్దామనుకుని కొట్టేయలేదు. పక్కన ‘చివర్లో, ఎవరైనా పక్కనుండగా’ అని రాశాను.