డెబ్బై నాలుగా, ఎనభై ఒకటా?

మా గరాజ్‌లో ఉన్న ఎర్ర బండిని చూసిన ప్రతివాళ్ళూ మొదట అడిగేది ఒకటే: "ఇది ఏ సంవత్సరం మోడల్?" 1974 అంటాను. ఓహో అని తలూపి, లోపలికొచ్చి కాఫీ తాగి వెళ్ళిపోతారు. ఆ నాలుగంకెల దగ్గరికి రావడానికి నాకు మూడేళ్ళు పట్టింది. మధ్యలో ఒక తప్పు కారు కొన్నాను, మా ఆయనతో బోలెడన్ని గొడవలు పడ్డాను. ఎవరూ అడగకపోయినా ఆ కథ చెప్పుకోవాలనిపించి ఈ పోస్టు రాస్తున్నాను.

బండి పేరు ఫియట్ 124 స్పోర్ట్ స్పైడర్. పైన గుడ్డ టాప్, ముందు ఇద్దరికి చోటు, వెనక పేరుకి ఒక సీటు. మా అమ్మాయి పదేళ్ళప్పుడే అందులో కూర్చోనని మొండికేసింది. 1966లో ట్యూరిన్ మోటార్ షోలో ఈ కారు మొదటిసారి కనిపించింది. గీసినది ఇటలీలో కార్లకి రూపం గీసే కంపెనీ పినిన్‌ఫరీనాలో పనిచేసిన టామ్ జార్డా. ఇటాలియన్ కారని మురిసిపోతాం గానీ, ఆయన పుట్టింది డెట్రాయిట్‌లో. 1985 దాకా దాదాపు రెండు లక్షల బళ్ళు తయారైతే వాటిలో చాలా భాగం అమెరికాకే వచ్చాయి. అందుకే కాలిఫోర్నియాలో మేముండే శాక్రమెంటో చుట్టుపక్కల ఇప్పటికీ ఎవరో ఒకరి షెడ్డులో దుమ్ము కొట్టుకుపోయి ఒకటి దొరుకుతుంది.

నాకీ పిచ్చి విజయవాడలో పట్టింది. నాన్నకి ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల కొట్టు ఉండేది. నేను ఇంటర్‌లో ఉండగా ఆయన సెకండ్ హ్యాండ్‌లో ప్రీమియర్ 118 ఎన్‌ఈ కొన్నారు. దాని బాడీ ఫియట్ 124 సెడాన్‌ది, ఇంజన్ నిస్సాన్‌ది. "ఒళ్ళు ఇటలీ, గుండె జపాన్" అని నాన్న కొట్టుకొచ్చిన వాళ్ళందరికీ చెప్పేవారు. బందరు కాలువ గట్టు మీద నేను డ్రైవింగ్ నేర్చుకున్నది దాంట్లోనే. ఇరవయ్యేళ్ళ తర్వాత ఇక్కడ ఒక పెట్రోల్ బంకులో 124 స్పైడర్ వెనక్కి అంటించిన ఆ అంకెలు చూసి, అయ్యో, ఇది మన బండికి చుట్టం కదా అనుకున్నాను. అంతే, ఆ రాత్రి నుంచి నిద్ర లేదు. (2016లో ఫియట్ వాళ్ళు ఇదే పేరుతో కొత్త స్పైడర్ తెచ్చారు. జపాన్ మజ్దా వాళ్ళ మియాటా కారు మీద కట్టి, హిరోషిమాలో తయారు చేయించి, ఇంజన్ మాత్రం ఫియట్‌ది పెట్టారు. నాన్నకి చెబితే పడీ పడీ నవ్వారు. "ఈసారి తిరగబడిందన్నమాట" అన్నారు.)

మొదట కొన్నది 1979 మోడల్. నా లెక్క చాలా తేలిక. ఇంజన్ సైజు 1438 సీసీతో మొదలై 1608, 1592, 1756 అయ్యి, 1979లో 1995 సీసీకి చేరింది. పెద్ద ఇంజనే మంచిది కదా! నాలుగు వేల డాలర్లకి వచ్చింది. స్మాగ్ సర్టిఫికెట్ (పొగ పరీక్ష పాసైనట్టు కాగితం) లేదన్నాడు అమ్మినాయన, "చిన్న ట్యూనింగ్ చేయిస్తే పాసైపోతుంది" అన్నాడు. నమ్మాను.

తర్వాత తెలిసిన సంగతేమిటంటే, అమెరికా పొగ చట్టాల కోసం ఆ ఏడాది ఇంజన్‌ని గొంతు నొక్కి పంపించారు. యూరప్‌లో 1756 ఇంజనే 118 హార్స్‌పవర్ ఇచ్చేది. ఇక్కడికొచ్చిన 1995 సీసీ ఇంజన్ ఎనభై చిల్లర దగ్గరే ఆగిపోయింది. కార్బరేటర్ కాకుండా, పొగ తగ్గించడానికి ఎయిర్ పంపు, ఈజీఆర్ వాల్వు, కెటలిటిక్ కన్వర్టర్, వాటి మధ్య నూడుల్స్ లాంటి గొట్టాలు. నాకంటే ముందున్న ఓనరెవరో పవర్ పెరుగుతుందని ఎయిర్ పంపు పీకేసి, కార్బరేటర్ మార్చేశాడు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, ఆ బండికి కాలిఫోర్నియాలో రోడ్డెక్కే యోగం అక్కడితో పోయింది.

ఎందుకంటే ఇక్కడి స్మాగ్ టెస్టులో సైలెన్సర్ పొగ ఒక్కటే చూడరు. బానెట్ ఎత్తి, ఫ్యాక్టరీలో బిగించిన సామానంతా ఉందా లేదా అని కూడా చూస్తారు. మార్చిన పార్టుకి రాష్ట్రం అనుమతి నంబరు లేకపోతే, పొగ ఎంత శుభ్రంగా వచ్చినా ఫెయిలే. నాలుగుసార్లు వెళ్ళాను. నాలుగోసారి ఆ టెస్టింగ్ కుర్రాడే జాలిపడి, "మేడమ్, డెబ్బై అయిదో, దానికి ముందుదో కొనుక్కోండి, వాటికి అసలు టెస్టే లేదు" అన్నాడు. నిజమే. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు మోడళ్ళకి స్మాగ్ టెస్ట్ అక్కర్లేదు. 1976 నుంచి రెండేళ్ళకోసారి తప్పదు. హార్స్‌పవర్ పట్టికలన్నీ తిరగేసిన నేను ఈ ఒక్క గీత చూసుకోలేదు. బండిని ఉన్నదున్నట్టు చెప్పి, పార్టుల కోసం అడిగిన ఆయనకి పదమూడు వందలకి ఇచ్చేశాను. మా ఆయన ఏమీ అనలేదు. అదే పెద్ద శిక్ష.

గీత 1975 అయినప్పుడు ఆ ఏడాదిదే కొనొచ్చు కదా అంటారేమో. కొనొచ్చు, కానీ బంపర్ ఉంది. అయిదు మైళ్ళ వేగంతో గుద్దుకున్నా లైట్లకీ మిగతా వాటికీ దెబ్బ తగలకూడదని అమెరికాలో రూలు పెట్టారు. దాని కోసం 1975 స్పైడర్‌కి ముందూ వెనకా రైలు పట్టాల్లాంటివి తగిలించారు. జార్డా గీసిన ఆ సన్నటి మూతికి పళ్ళు కట్టించినట్టుంటుంది. 1974 దాకా మాత్రం సన్నటి క్రోమ్ బంపర్, దాని మీద రబ్బరు గుబ్బలు. అవీ అంత అందంగా ఉండవు గానీ, కళ్ళు మూసుకుని భరించొచ్చు.

ఇంకా వెనక్కి వెళితే 1970 నుంచి 72 మధ్య వచ్చిన 1608 ఇంజన్ బళ్ళున్నాయి. బానెట్ మీద రెండు ఉబ్బులు, రేసు గుర్రంలా తిరిగే ఇంజన్. నడపడం తెలిసినవాళ్ళు వాటికే ఓటేస్తారు. నేను కాదనను, నా పర్సు కాదంది. 1968, 69 బళ్ళు చిన్న టెయిల్ లైట్లతో అన్నిటికన్నా ముద్దుగా ఉంటాయి. కానీ వాటి వెనక యాక్సిల్ అమరిక తర్వాత వచ్చిన వాటికి భిన్నం, పార్టులు వెతుక్కోవాలి. అలా 1974 మిగిలింది. 1756 ఇంజన్, పొగ టెస్టు లేదు, పట్టాలు లేవు.

కాగితం మీద తేలిపోయింది. కానీ అదే నెలలో నెవాడాలోని రీనో నుంచి ఇంకో బండి కనిపించింది, 1981 మోడల్. అప్పటికి స్పైడర్లకి కార్బరేటర్ తీసేసి బాష్ ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టేశారు. 102 హార్స్‌పవర్. పొద్దున్నే తాళం తిప్పితే చాలు, బతిమాలనక్కర్లేదు. పైగా ఎడారి ఊరి బండి, తుప్పన్నది లేదు. స్టాక్టన్‌లో చూసిన 1974 బండి మాత్రం ఫోటోల్లో పెళ్ళికూతురు, దగ్గరికెళితే పైన పటారం లోన లొటారం.

నాన్నకి వాట్సాప్ వీడియో కాల్ చేశాను. ఆయనకప్పుడు డెబ్బై ఆరేళ్ళు, విజయవాడలో రాత్రి పదకొండు. "రంగు చూపించకమ్మా, కింద పడుకుని చూపించు" అన్నారు. పడుకున్నాను. ఫోన్‌తో పాటు ఫ్రిజ్ మీద తిరుపతి బొమ్మ మాగ్నెట్ కూడా పట్టుకెళ్ళాను, ఆయన చెప్పారనే. తలుపుల కింద అంచుకి పెడితే రెండుచోట్ల జారి కిందపడింది. లోపల రేకు లేదు, లప్పం. డ్రైవర్ కాళ్ళ దగ్గర కార్పెట్ ఎత్తితే స్టాక్టన్ సిమెంటు రోడ్డు కనిపించింది.

"ఇంజన్ పక్కన, ముందు స్ప్రింగు కూర్చునే చోటు చూపించు" అన్నారు. ఈ కార్లకి ప్రాణం పోయేది అక్కడే. ఆ షాక్ టవర్లు తుప్పుపడితే బండి కథ కంచికే. స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచాను, రెండువైపులా ఖణేల్‌మంది. సస్పెన్షన్ బిగించే ముందు క్రాస్‌మెంబర్‌కి పగుళ్ళు రావడం కూడా వీటికి మామూలే, అది కూడా టార్చి వేసి చూశాం. లేవు.

"ఫ్లోర్‌కి రేకు వేయించుకోవచ్చు. అయినా రీనోదే తీసుకో. బాడీ బాగున్న బండిని వదులుకునేవాడు ఆటోనగర్‌లో ఎవడూ ఉండడు" అన్నారు నాన్న.

జీవితంలో కారు విషయంలో ఆయన మాట కాదనడం అదే మొదటిసారి. ఇంజెక్షన్ బండి నడిచినన్నాళ్ళు బాగుంటుంది. కానీ నలభై ఏళ్ళ నాటి సెన్సర్లు, బీటలు వారిన రబ్బరు గొట్టాలు, ఎక్కడో గాలి లీకైతే పొగ లెక్క తప్పుతుంది. రెండేళ్ళకోసారి మళ్ళీ ఆ కుర్రాడి ముందు నిలబడాలి. నాకా టెన్షన్ వద్దు. కార్బరేటర్ అయితే వంటింటి బల్ల మీద విప్పుకోగలను. ఇంకో కారణం కూడా ఉంది, నాన్నకి చెప్పలేదు. ఆ బంపర్‌ని రోజూ చూడలేను.

స్టాక్టన్ బండే తెచ్చాను. టింకరింగ్ పనికి బండి ఖరీదులో సగం అయ్యింది, అదీ నిజమే చెప్పాలి. 1974 మోడళ్ళ చాదస్తం ఇంకొకటి తర్వాత తెలిసింది. ఆ ఒక్క ఏడాది అమెరికాలో సీటు బెల్టు పెట్టుకుంటే గానీ ఇంజన్ స్టార్టవకుండా రూలు పెట్టారు. పక్క సీట్లో కూరగాయల సంచీ పెడితే, దానికీ బెల్టు పెట్టమనేవట ఆనాటి కార్లు. జనం తిట్టిపోస్తే ఆ ఏడాదే రూలు ఎత్తేశారు. నా బండిలో ఆ వైరు ఎవరో ఎప్పుడో తెంపేసి, టేపు చుట్టిపెట్టారు. ఆయనెవరో గానీ దండం.

ఈ ఆదివారం టైమింగ్ బెల్టు మార్చాలి. ఈ ఇంజన్‌లో కామ్‌షాఫ్టులు రెండూ ఒక రబ్బరు బెల్టు మీదే తిరుగుతాయి. అది తెగితే వాల్వులు వంగే ప్రమాదం, అందుకే పాతది బాగానే ఉన్నా నమ్మను. నిన్న నాన్నకి చెబితే కళ్ళజోడు సర్దుకుని, బెల్టు మీద గుర్తులు కెమెరాలో చూపించమన్నారు. అంతా చూసి, ఫోన్ పెట్టేసే ముందు అడిగారు: "అవునమ్మా, ఆ రీనో బండి అమ్ముడుపోయిందంటావా?"