గోల్‌పోస్టు వెనక గ్యాలరీకి నంబర్లు వద్దు

మొన్నటి ఫుట్‌బాల్ ఆటకు నలుగురం వెళ్లాం. టికెట్లు ఎవరికి వీలైన రోజు వాళ్లు కొనుక్కోవడంతో నాలుగు చోట్ల పడ్డాం. నాది పద్నాలుగో వరుస. చుట్టూ ఖాళీ కుర్చీలే. విరామం తర్వాత ఒక మిత్రుడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. రెండు నిమిషాలైనా కాలేదు, మైదానం సిబ్బంది ఒకాయన టికెట్ అడిగి, నంబరు చూసి, లేపి పంపేశారు. మా వరుసలో అప్పటికి ఆరు కుర్చీలు ఖాళీ. ఆయన నియమమే పాటించారు, తప్పు పట్టను. కానీ తర్వాతి ఆటకు పిలిస్తే మా మిత్రుడు రానన్నాడు. "ఒక్కడినే కూర్చుని చూడాలంటే ఇంట్లో టీవీ ఉంది కదా!"

ఆ మాట నన్ను వదలడం లేదు. మైదానానికి మనం ఆట కోసం ఎంత వెళతామో, పక్కనున్న మనిషి కోసమూ అంతే వెళతాం. పాట ఎత్తుకునేవాడికి చుట్టూ అందుకునే గొంతులు పదైనా ఉండాలి. ఆ పదిమందీ పది మూలల్లో ఉంటే పాట మొదటి చరణంలోనే ఆగిపోతుంది. నేను విన్నాను, అలా ఆగిపోవడం.

అందుకే నా కోరిక ఇది. గోల్‌పోస్టు వెనక ఉన్న గ్యాలరీని సీటు నంబర్లు లేకుండా అమ్మాలి. ముందు వచ్చినవాళ్లు నచ్చిన చోట కూర్చుంటారు. పాడేవాళ్లంతా ఒకచోట చేరతారు. జనం తక్కువున్న రోజున కూడా అక్కడక్కడా కాక గుంపుగా కనిపిస్తారు. జర్మనీలో డార్ట్‌మండ్ మైదానం దక్షిణ గ్యాలరీలో లీగ్ ఆటలకు దాదాపు 25,000 మంది నిలబడి చూస్తారు. నేను అంత దూరం వెళ్లడం లేదు, కుర్చీలు కుర్చీలుగానే ఉండనివ్వండి.

భద్రత మాటేమిటని అడుగుతారు. అడగాలి కూడా. 1989 ఏప్రిల్ 15న ఇంగ్లండ్‌లోని హిల్స్‌బరో మైదానంలో జరిగిన తొక్కిసలాట 97 మంది ప్రాణాలు తీసింది. ఆ తర్వాతే ఆ దేశపు లీగ్‌లో పై రెండు డివిజన్ల మైదానాల్లో ప్రతి ప్రేక్షకుడికీ కుర్చీ ఉండాలన్న నియమం వచ్చింది. ఆ రోజు గోలు వెనక, నిలబడి చూసే గ్యాలరీలో కంచెలతో విడదీసిన మధ్య అరల్లో మనుషులు నలిగిపోతుంటే పక్క అరల్లో చోటు మిగిలే ఉంది. కాబట్టి కుర్చీల లెక్క మించి ఒక్క టికెట్ కూడా అమ్మకూడదు. అది చాలదు, ఏ భాగం ఎంత నిండిందో గేటు దగ్గరే చూసి జనాన్ని మళ్లించే మనుషులు ఉండాలి. మెట్ల దారిలో ఎవరినీ నిలబడనివ్వకూడదు.

వృద్ధులకు, చక్రాల కుర్చీలో వచ్చేవారికి, చంటిపిల్లల తల్లిదండ్రులకు మిగతా గ్యాలరీల్లో నంబరున్న సీట్లు ఎలాగూ ఉంటాయి. ఇక కండువా పరిచి పది సీట్లు ఆపేవాళ్లు. ఆట మొదలయ్యే ఇరవై నిమిషాల ముందు వరకే ఆపనిస్తే ఆ పేచీ తీరుతుంది.

ఇంకొకటి, ఐదు టికెట్ల పుస్తకం కూడా అమ్మాలి. ఒక్కో ఆటకు ఒకటి వాడుకోవచ్చు, లేదా ఒకే ఆటకు ఐదుగురూ కలిసి వెళ్లవచ్చు. సీటు నంబరు లేని గ్యాలరీ ఉంటేనే ఇది కుదురుతుంది.

ఇదంతా రాసి క్లబ్బుకు పంపాను, వచ్చే సీజన్‌లో ఐదు ఆటలకైనా చేసి చూడమని. ఒప్పుకుంటే మొదటి ఆటకు గేట్లు తెరిచే వేళకే వెళ్లి, మా నలుగురికీ ఒకే వరుసలో కండువా పరుస్తాను.