పట్టేసిన భుజం, గోడ మీద పెన్సిలు గీతలు

దసరా సెలవులు ముగిసి బడి తెరిచిన రోజున, ఎనిమిదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుదామని నల్లబల్ల పై అంచున తేదీ వేయబోతే నా కుడిచెయ్యి కంటి ఎత్తు దాటి లేవలేదు. అప్పటికి రెండు నెలలుగా ఆ భుజంలో నొప్పి ఉంది. రాత్రి ఆ పక్కకు తిరిగితే మెలకువ వచ్చేసేది. బస్సులో పై కడ్డీ వదిలేసి సీటు వెనుక కమ్మీ పట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. జడ మా అమ్మాయి చేత వేయించుకుంటున్నాను. వయసు మీద పడుతోందిలే అని సరిపెట్టుకుంటూ వచ్చినదాన్ని, ఆ రోజు బల్ల ముందు నిజంగా భయపడ్డాను. నాకు 51 ఏళ్లు, పదకొండేళ్లుగా షుగరు ఉంది.

ఎముకల వైద్యుడు ఎక్స్‌రే తీయించి కీలు అరగలేదని చూసుకున్నాక, నా మోచేతిని నడుముకు ఆనించి, ముంజేతిని బయటి వైపుకు తిప్పమన్నారు. తిరగలేదు. ఆయన పట్టుకొని తిప్పినా తిరగలేదు. ఆ రెండో విషయాన్ని బట్టే దీన్ని ఫ్రోజెన్ షోల్డర్ అంటామని చెప్పారు. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువు తెగినప్పుడు మనం చెయ్యి ఎత్తలేకపోయినా, మరొకరు ఎత్తితే సాధారణంగా లేస్తుంది. ఇక్కడ కీలు చుట్టూ సంచిలా ఉండే పొరే వాచి, మందమై, బిగుసుకుపోతుంది కనుక ఎవరు ఎత్తినా లేవదు. ఈ పేరును 1934లో అమెరికా శస్త్రవైద్యుడు ఎర్నెస్ట్ కాడ్‌మన్ వాడుకలోకి తెచ్చారు. 40 నుంచి 60 ఏళ్ల మధ్య, అందులోనూ ఆడవారిలో, షుగరూ థైరాయిడ్ సమస్యలూ ఉన్నవారిలో ఇది ఎక్కువ. మొదట నొప్పి పెరిగే దశ, తరువాత నొప్పి తగ్గినా చెయ్యి బిగుసుకుపోయే దశ, ఆపైన నెమ్మదిగా వదులయ్యే దశ. మొత్తం కలిపి ఏడాది నుంచి మూడేళ్ల వరకు పట్టవచ్చు. మా ఇంటి చుట్టుపక్కల వారు ఏనాటి నుంచో దీనినే 'భుజం పట్టేసింది' అంటున్నారు, ఆ మాట కూడా సరిగ్గానే ఉంది.

ఫిజియోథెరపీకి వెళ్లమంటే ఇంటికి దగ్గరలో ఉన్న ఒక క్లినిక్‌లో చేరి, పది సిట్టింగులకు ముందే డబ్బు కట్టాను. రోజూ పడుకోబెట్టి భుజానికి నాలుగు ప్యాడ్లు అంటించి పదిహేను నిమిషాలు కరెంటు పెట్టేవారు, ఆ తరువాత జెల్లు రాసి అల్ట్రాసౌండ్ తిప్పేవారు. హాయిగా ఉండేది. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలోని ఇంటికి చేరేసరికి నొప్పి కొంత తగ్గినట్టు అనిపించేది, రాత్రికి మళ్లీ మామూలే. ఆ పది రోజుల్లో ఒక్కసారి కూడా ఎవరూ నా చెయ్యి ఎత్తించి చూడలేదు, ఎంత లేస్తోందో కొలవలేదు. నేనూ అడగలేదు, కరెంటు పెట్టించుకోవడమే ఫిజియోథెరపీ అనుకున్నాను. మన ఊళ్లో ఇప్పటికీ చాలామంది అలాగే అనుకుంటున్నారు కనుకనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆ యంత్రాలు వ్యర్థమని నేను అనడం లేదు. చర్మం మీద ప్రవహించే సన్నని విద్యుత్తు, నొప్పి కబురు వెన్నుపాములోనే కొంత ఆగిపోయేలా చేస్తుంది. దెబ్బ తగిలిన చోట మనం తెలియకుండానే చేత్తో రుద్దుకుంటాం కదా, ఉపశమనం అక్కడా ఇలాగే వస్తుంది. దీనికి 1965లో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చెప్పిన 'గేట్' సిద్ధాంతమే ఆధారం. అయితే బిగుసుకున్న పొరను కరెంటు సాగదీయలేదు. నొప్పి తగ్గిన ఆ కాసేపట్లో చెయ్యి కదిలించకపోతే, దొరికిన అవకాశం అక్కడికక్కడే పోతుంది.

సహోద్యోగి ఒకరు చెప్పగా సీతమ్మధారలో మరొక ఫిజియోథెరపిస్టు దగ్గరకు వెళ్లాను. మా అమ్మాయి కంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. ముందుగా కోణమానిని వంటి గోనియోమీటరు తీసి భుజానికి ఆనించి చూసి, "మేడమ్, ముందుకు 95 డిగ్రీలు లేస్తోంది, బయటికి 10 డిగ్రీలే తిరుగుతోంది. ఈ రెండు అంకెలు మీరే రాసి పెట్టుకోండి" అంది. మామూలు భుజం ముందు నుంచి పైకి 180 డిగ్రీల వరకు లేస్తుంది, బయటికి 90 వరకు తిరుగుతుంది. ముప్పై ఏళ్లుగా పిల్లలకు కోణాలు చెబుతున్న నాకు, నా జబ్బు డిగ్రీల్లో కనిపించేసరికి మొదటిసారిగా ధైర్యం వచ్చింది. కొలవగలిగినది మారుతుందో లేదో తెలుసుకోవచ్చు.

ఆ అమ్మాయి చేత్తో చేసిన చికిత్స నాకు కొత్త. చెయ్యి పైకి లేవాలంటే భుజం ఎముక గుండ్రటి తల, గిన్నె వంటి గుంటలో కొద్దిగా కిందికి జారాలట. పొర బిగుసుకుంటే ఆ జారుడు పోతుంది. అందుకని నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, ఎముక తలను రెండు చేతులతో పట్టుకొని, కిందికీ వెనక్కీ లయగా జరిపేది. ఆస్ట్రేలియా ఫిజియోథెరపిస్టు జెఫ్రీ మెయిట్‌లాండ్ ఈ కదలికలను బలాన్ని బట్టి నాలుగు స్థాయిలుగా విభజించారు. తేలికైన మొదటి రెండూ నొప్పి తగ్గించడానికి, తరువాతి రెండూ బిగువు వదిలించడానికి. నాకు మొదటి నెల రోజులూ తేలికైనవే.

అసలు పని మాత్రం ఇంట్లోనే జరిగింది. ముందుకు వంగి, ఎడమచెయ్యి బల్ల మీద ఆన్చి, కుడిచేతిని గడియారపు లోలకంలా వేలాడదీసి మెల్లగా ఊపడం మొదటిది. దీనికి కూడా కాడ్‌మన్ పేరే ఉంది. గోడకు ఎదురుగా నిలబడి రెండు వేళ్లను చీమ పాకినట్టు పైకి పాకించి, చేరిన చోట పెన్సిలుతో గీత పెట్టి తేదీ వేయడం రెండోది. వెల్లకిలా పడుకొని మోచేతి కింద మడిచిన తువ్వాలు పెట్టుకొని, రెండు చేతులతో గొడుగు పట్టుకొని, ఎడమచేత్తో నెడుతూ కుడి ముంజేతిని బయటికి తిప్పడం మూడోది. అన్నిటికంటే కష్టమైనదీ, అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే. నాలుగోది తలుపు పైన కట్టిన గిలక. భీమిలిలో మా అమ్మమ్మగారి నూతి మీద ఉన్నటువంటిదే, కాకపోతే చిన్నది: మంచి చెయ్యి తాడును కిందికి లాగితే, పట్టేసిన చెయ్యి పైకి వస్తుంది. ఉదయం గోరువెచ్చని నీళ్లతో స్నానం అయ్యాక, బడి నుంచి వచ్చాక, పడుకోబోయే ముందు, మూడు పూటలా పదేసి నిమిషాలు చేశాను.

ఎంత నొప్పి వరకు ఓర్చుకోవాలన్నది నన్ను బాగా వేధించిన ప్రశ్న. చేస్తున్నప్పుడు లాగినట్టుండి, ఆపాక కాసేపటికి తగ్గిపోతే మంచిదేననీ, ఆ రాత్రంతా సలిపినా, మరునాటికీ మిగిలినా మోతాదు మించిందని అర్థమనీ ఆమె చెప్పింది. ఈ మాట వినక, తెలిసినవారి సలహాతో ఒక ఆదివారం గట్టిగా తోమించుకొని, చెయ్యి బలవంతంగా ఎత్తించుకున్నాను. వారం రోజులు నిద్ర లేదు, గోడ మీద గీత నాలుగు వేళ్ల మేర కిందికి దిగింది. నొప్పి దశలో ఉన్న భుజాన్ని దయచేసి ఎవరి చేతా లాగించుకోకండి.

షుగరు ఉన్నవారికి ఇంకో జాగ్రత్త అవసరం. కాపడం పెట్టే ముందు ఆ అమ్మాయి వేడినీళ్ల గొట్టాన్నీ చన్నీళ్ల గొట్టాన్నీ మార్చి మార్చి తాకించి, ఏది ఏదో కళ్లు మూసుకొని చెప్పమంది, ఎందుకంటే స్పర్శ తగ్గిన చర్మం కాలుతున్నా తెలియదు. వైద్యుడు కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చినప్పుడు నొప్పి బాగా తగ్గి వ్యాయామం సులువైంది, కానీ కొన్ని రోజులు షుగరు పెరిగింది; ముందే హెచ్చరించారు కనుక రోజూ చూసుకున్నాను. ఎడమ భుజం నొప్పితో పాటు ఛాతీలో బరువు, చెమట, ఆయాసం ఉంటే మాత్రం అది గుండెకు సంబంధించినది కావచ్చు; అప్పుడు వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మూడో నెలలో విసుగొచ్చి ఆపరేషన్ గురించి అడిగాను. బ్రిటన్‌లో 503 మంది మీద చేసి 2020లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించిన పరిశోధనలో, మత్తు ఇచ్చి చెయ్యి కదిలించడం, చిన్న రంధ్రాల గుండా చేసే కీహోల్ శస్త్రచికిత్స, ఇంజెక్షన్‌తో కూడిన ఫిజియోథెరపీ, ఈ మూడింటిలో ఏదీ ఏడాది తరువాత మిగతావాటికంటే స్పష్టంగా మెరుగని తేలలేదు. అది విన్నాక గొడుగు దగ్గరకే తిరిగి వచ్చాను. డబ్బు కట్టి చేయించుకోలేనివారికి మహారాణిపేటలోని కింగ్ జార్జ్ ఆసుపత్రిలోనూ ఫిజియోథెరపీ విభాగం ఉంది.

వేసవి సెలవుల నాటికి చెయ్యి 150 డిగ్రీలు లేచింది. జూన్‌లో బడి తెరిచినప్పుడు తేదీ బల్ల పై అంచునే వేశాను. ఈ వారం కొలిస్తే ముందుకు 165, బయటికి 60. వీపు వెనుక ఎడమచెయ్యి చేరే చోటికి కుడిచెయ్యి ఇంకా రెండంగుళాలు తక్కువగా ఆగుతోంది, జడ చివర రిబ్బను ఇప్పటికీ మా అమ్మాయే కడుతోంది. తువ్వాలుతో వీపు వెనుక లాగే వ్యాయామం పోయిన నెలే మొదలుపెట్టించారు, దానికి గోడ మీద గీతలు పనికిరావు కనుక తువ్వాలుకే సెంటీమీటర్ల టేపు కుట్టుకున్నాను.