చూడని బీపీ రాయొద్దు

తెల్లవారుజామున నాలుగింటికి చార్ట్‌లో పెద్దాయన బీపీ 120/80 అని ఉంది, కానీ మిషన్ రెండు గంటలుగా నా దగ్గరే ఉంది. రాసిన నర్సింగ్ స్టూడెంట్‌ని అడిగితే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఖాళీ వదిలితే మేడమ్ తిడతారని రాశానక్కా." వెంటనే కఫ్ చుట్టి చూశాం, 90/60. డ్యూటీ డాక్టర్‌ని లేపాం.

నాకు కోపం ఆ పిల్ల మీద కాదు. స్వయంప్రతిపత్తి, మేలు చేయడం, హాని చేయకపోవడం, న్యాయం అని వైద్య నీతిలోని నాలుగు సూత్రాలు బట్టీ పట్టించి పరీక్షలో మార్కులు వేస్తాం, "చూడలేదు" అని నిజం రాసిన పిల్లని మాత్రం అందరి ముందూ నిలబెడతాం. ఇంక ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది?

చార్ట్‌లో ఆ 120/80 కనబడేలా ఒక్క గీత కొట్టించి, పక్కన సరైనది, టైమ్, సంతకం పెట్టించాను. వైట్నర్ పూయనివ్వలేదు.