ఒకటి, మూడు, రెండు

రాత్రి పదిన్నర దాటింది. గోళ్ల సందుల్లో నల్లమడ్డి ఇంకా వదల్లేదు. రెండుసార్లు సబ్బు పెట్టాను, కొబ్బరినూనె రాసి తుడిచాను, అయినా అంతే. ఆ చేత్తోనే పెరుగన్నం కలుపుకుంటుంటే అమ్మ మొహం అటు తిప్పేసుకుంది.

రేపు కార్తీక సోమవారం, అమ్మ ఎస్.కోట దగ్గరి శివుడి కొండ, పుణ్యగిరి వెళ్దామంటోంది. ఎస్.కోట బస్సెక్కిద్దామంటే ఆవిడ మోకాళ్లు ఒప్పుకోవు, కాబట్టి మా మారుతి 800 కదలాలి. అదేమో ఆగస్టు నుంచీ మిస్ కొడుతోంది, అంటే ఇంజన్ మధ్యమధ్యలో మండక తడబడుతోంది. ఎండ కాసిన రోజు ఏ గొడవా లేదు. వాన పడిందంటే మాత్రం రైల్వే బ్రిడ్జి సగం ఎక్కేసరికి దగ్గడం మొదలెడుతుంది, వెనకాల ఆటోలవాళ్ల హారన్లు, పక్కన కూర్చున్న అమ్మ గోవిందనామాలు. సెప్టెంబరులో ఒక షెడ్డులో చూపిస్తే పెట్రోలూ గాలీ కలిపే కార్బొరేటర్‌ది తప్పన్నారు, విప్పి కడిగి 1,800 తీసుకున్నారు. నాలుగు రోజులు బ్రహ్మాండంగా నడిచింది. ఆ నాలుగు రోజులూ ఎండ కాసిందన్న సంగతి ఐదో రోజు వానపడ్డాక గానీ నాకు తట్టలేదు.

నిన్న రాత్రి కరెంటు పోయింది. అరుగు మీద విసనకర్రతో కూర్చున్న నాన్నగారు ఉన్నట్టుండి, "చీకట్లో బోనెట్ ఎత్తి చూశావేట్రా ఎప్పుడైనా?" అన్నారు. లేదన్నాను. ఇస్త్రీకి నీళ్లు చల్లే సీసా తెమ్మన్నారు. బండి స్టార్ట్ చేసి, సిలిండర్లలో నిప్పురవ్వ కొట్టే ప్లగ్గులకు కరెంటు తీసుకెళ్లే వైర్ల మీద సన్నగా నీళ్లు కొట్టి, చేతులు దూరంగా పెట్టుకుని చూస్తూ ఉన్నాను. మధ్య వైరు ఇంజన్ మీద ఒరుసుకునే చోట చిన్న నీలం మెరుపు. టిక్. మళ్లీ టిక్. టిక్కుమన్నప్పుడల్లా ఇంజన్ ఒకసారి తడబడుతోంది. మూడు నెలలు కార్బొరేటర్‌ని తిట్టుకున్నాను పాపం.

ఆలోచిస్తే అంతా అర్థమవుతుంది. బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు, కాయిల్ దాన్ని పదిహేను, ఇరవై వేల వోల్టులకు పెంచి పంపిస్తుంది, అంత కరెంటు రబ్బరు తొడుగులో ఎక్కడ పగులు దొరుకుతుందా అని చూస్తూ ఉంటుంది. తడి తగిలితే దానికి దారి ఇంకా సులువు. పైగా ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కుతాం కదా, అప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి పెరిగి ప్లగ్ దగ్గర నిప్పురవ్వ దూకడం కష్టమవుతుంది, ఇక ఆ కష్టం ఎందుకని కరెంటు పగుల్లోంచి బయటికి దూకి ఇంజన్ బాడీలోకి పోతుంది. అందుకే చదును రోడ్డు మీద బుద్ధిగా ఉండి బ్రిడ్జి మీద పరువు తీసేది.

పొద్దున్నే గంటస్తంభం వైపు స్పేర్ పార్ట్స్ షాపుకెళ్లాను. 97 మోడల్, కాయిల్ కరెంటుని ఒక్కో ప్లగ్గుకీ వంతులవారీగా పంచే డిస్ట్రిబ్యూటర్ ఉన్న బండి అనగానే షాపాయన కళ్లజోడు పైకి తోసుకుని, "ఆ బండింకా తిరుగుతోందేటి బావూ? సెట్టు ఇప్పుడెక్కడ దొరుకుతాది, కొలతిస్తే కోసిస్తాను" అన్నాడు. మళ్లీ ఇంటికొచ్చి పాత వైర్లు పీకాను. ఇక్కడే తప్పు చేశాను. కాయిల్ నుంచి వచ్చేదానితో కలిపి నాలుగూ ఒక్కసారే పీకేసి, సంచిలో పడేసి పట్టుకెళ్లాను.

ఆయన వాటిని బల్ల మీద ఒక్కోటీ సాగదీసి, చుట్టలోంచి రాగి తీగ వైరు కోశాడు. నాలుగింటికీ కలిపి రెండు మీటర్లు కూడా అవలేదు. కొనల్లో రబ్బరు వలిచి, ఇత్తడి క్లిప్పులు నొక్కి, సబ్బునీళ్లు రాసి తొడుగులు ఎక్కించాడు, అంతా కలిపి 360 రూపాయలు. పాత మధ్య వైరుని నా ముందే వేలికి చుట్టి వంచి చూపించాడు. ఎండిన చెరువు మట్టిలా రబ్బరంతా నెర్రెలు, ఒరుసుకున్న చోట సూది మొనంత కన్నం, దాని చుట్టూ బూడిద రంగు మచ్చ. మూడు నెలల నా చిరాకంతా ఆ కన్నంలోంచే వచ్చింది.

ఇంటికొచ్చి ఉత్సాహంగా బిగించి తాళం తిప్పితే కార్బొరేటర్లోంచి 'ఢాం' అని పేలింది. ఎదురింటి పిల్లలు పరిగెత్తుకొచ్చారు, దీపావళి సామాను మిగిలిందనుకున్నారేమో. ఇంకోసారి తిప్పాను, ఇంకోసారి పేలింది. నాన్నగారు పేపరు దించకుండానే, "ఒకటి తీసి, దాని చోట కొత్తది పెట్టి, అప్పుడు రెండోది ముట్టుకోవాలి. నాలుగూ ఒక్కసారి పీకమని ఎవరు చెప్పారు?" అన్నారు. "బోనెట్ లోపల తుడిచి చూడు."

గుడ్డ పెట్టి తుడిచాను. దుమ్ము కింద తెల్ల పెయింటుతో 1-3-2 అని ఉంది, మూడు అంకె కాస్త వంకరగా, అచ్చం బోర్డు మీద ఆయన రాసినట్టే. బండి కొన్న ఏడాది రాసుకున్నారట. ఇరవై ఏళ్లకు పైగా ఆ బోనెట్ ఎత్తుతూనే ఉన్నాను, ఒక్కరోజూ చూడలేదు. మొదటి సిలిండర్ తర్వాత మండాల్సింది మూడోది, నేను వరసగా ఒకటి, రెండు, మూడు అని తగిలించేశాను, లెక్కల మాస్టారి కొడుకుని మరి. డిస్ట్రిబ్యూటర్ దగ్గర రెండు వైర్లు అటూ ఇటూ మార్చి తిప్పితే ఒక్క తాళానికి అందుకుంది. వైర్లు ఇంజన్‌కి తగలకుండా టేపుతో కట్టి, సీసాడు నీళ్లూ కొట్టి చూశాను. తడబడలేదు. సాయంత్రం నలుగురం ఎక్కి, రైల్వే బ్రిడ్జి మీద కావాలనే రెండుసార్లు తిరిగొచ్చాం.

ఒక్కటే చిక్కు. పాత వైర్లలో ఉండేది కార్బన్, దాని నిరోధం వల్ల రేడియోకి గోల తగిలేది కాదు. రాగి తీగకి ఆ మొహమాటం లేదు. నాన్నగారు మీడియం వేవ్‌లో విశాఖ కేంద్రం పెట్టమంటే వార్తల వెనకాల గిర్రుమని మోత, యాక్సిలరేటర్ తొక్కితే అది కూడా గొంతు పెంచుతోంది. రెసిస్టర్ ఉన్న ప్లగ్గులు వేస్తే తగ్గుతుంది, నంబర్లో ఆర్ అక్షరం ఉన్నవి, వచ్చే నెల చూడాలి. రేపు దారిలో భక్తిగీతాలు ఎలాగే అని అమ్మనడిగితే, "అది కట్టేసి నువ్వు రోడ్డు చూసి నడుపు, నాకు నోరుంది" అంది. అలారం నాలుగున్నరకి పెట్టాను.