జర్మనీలో టేబుల్ టెన్నిస్ సంఘంలో చేరిన నా అనుభవం

ఉద్యోగరీత్యా జర్మనీకి వచ్చిన మొదటి ఏడాదంతా ఆఫీసు పని మీద తప్ప ఒక జర్మన్‌తో పది నిమిషాలు కూర్చుని మాట్లాడిన సందర్భం నాకు రాలేదు. ఆఫీసులో ఇంగ్లీషుతో పని జరిగిపోయేది. మేమున్న భవనంలో మెట్ల మీద ఎదురైనవారు మర్యాదగా పలకరించి తమ దారిన తాము వెళ్ళిపోయేవారు. చదువుకునే రోజుల్లో టేబుల్ టెన్నిస్ బాగానే ఆడేవాణ్ణి కనుక, డబ్బు కట్టి గంటసేపు ఆడుకుని వచ్చే చోటు ఎక్కడైనా ఉందేమోనని వెతకడం మొదలుపెట్టాను. అలాంటి చోటు మా చిన్న పట్టణంలో లేదు. ఎవరిని అడిగినా ‘ఫెరైన్‌లో చేరు’ అన్నదొక్కటే జవాబు.

ఫెరైన్ అంటే సంఘం. జర్మనీ పౌరస్మృతి ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుంటే స్థానిక న్యాయస్థానంలోని సంఘాల రిజిస్టరులో నమోదు చేయించుకోవచ్చు. అలా నమోదైన సంఘం పేరు చివర ‘ఎ.ఫౌ.’ అనే రెండు పొడి అక్షరాలు ఉంటాయి. దేశం మొత్తం మీద క్రీడా సంఘాలే 80 వేలకు పైగా ఉన్నాయి. వాటిలో చాలావాటి పేర్లలో స్థాపించిన సంవత్సరం కూడా కలిసి ఉంటుంది. మ్యూనిక్ 1860, హనోవర్ 96, షాల్కె 04 అన్న ఫుట్‌బాల్ జట్ల పేర్లలోని అంకెలు అవే. 1811లో బెర్లిన్ శివార్లలోని హాజెన్‌హైడెలో ఫ్రీడ్రిష్ లుడ్విగ్ యాన్ అనే ఉపాధ్యాయుడు ఏర్పాటు చేసిన ఆరుబయటి వ్యాయామశాలతో ఇక్కడి వ్యాయామ ఉద్యమం ఊపందుకుంది. మా పట్టణపు సంఘం కూడా ఆ కోవకు చెందిన పాత వ్యాయామ సంఘమే. పిల్లల జిమ్నాస్టిక్స్, హ్యాండ్‌బాల్, టేబుల్ టెన్నిస్ అందులో వేర్వేరు విభాగాలు.

మా విభాగపు బాధ్యుడికి జూలై మొదటి వారంలో ఈమెయిలు రాశాను. జర్మన్‌లో నాలుగు వాక్యాలు రాయడానికి గంట పట్టింది. ఆరు వారాలు గడిచినా జవాబు రాలేదు. పరాయివాణ్ణని పట్టించుకోలేదేమోనన్న అనుమానం మనసులో బాగా నాటుకుంది. ఆగస్టు మూడో వారంలో జవాబు వచ్చాక గానీ అసలు కారణం తెలియలేదు. ఆట జరిగేది బడికి చెందిన హాల్లో. వేసవి సెలవులు మొదలవగానే దానికి తాళం పడుతుంది. పైగా ఆ బాధ్యుడు జీతం తీసుకుని పనిచేసే ఉద్యోగి కాదు, తన కొలువు ముగించుకుని సాయంత్రాలు సంఘం పని చూసే మామూలు సభ్యుడు. సెలవుల్లో కుటుంబంతో ఊరు వెళ్ళాడు. వేసవిలో ఇలా రాసి జవాబు కోసం ఎదురుచూసేవారికి నేను చెప్పేదొక్కటే: బడులు తెరిచిన వారం మళ్ళీ రాయండి, లేదా ఆట జరిగే సాయంత్రం నేరుగా హాలుకు వెళ్ళండి. రెండోదే మేలైన మార్గం.

‘మంగళవారం ఏడున్నరకు రా, హాలు బూట్లు తెచ్చుకో’ అని జవాబులో ఉంది. హాలు బూట్లంటే శుభ్రంగా ఉన్న బూట్లనుకుని, పరుగుకు వాడే బూట్లను కడిగి తీసుకెళ్ళాను. తలుపు దగ్గర ఉన్న తెల్లజుట్టు పెద్దాయన నా చేతిలోంచి ఒక బూటు తీసుకుని వెనక్కి తిప్పి, నల్లటి అట్టను బొటనవేలితో గట్టిగా రుద్ది, ఆ వేలును నాకు చూపించాడు. బూడిదరంగు మరక అంటుకుని ఉంది. నేల మీద గీతలు పడితే బడివాళ్ళు సంఘానికి హాలు ఇవ్వడం మానేస్తారని నిదానంగా, నాకు అర్థమయ్యే మాటల్లో చెప్పి, సామాన్ల గదిలోని బీరువాలోంచి ఒక జత తీసి ఇచ్చాడు. అవి నాకు కాస్త పెద్దవి. లేసులు రెండు చుట్లు బిగించి, ఆ సాయంత్రమంతా వాటితోనే ఆడాను.

చేరడానికి ముందు రెండు మూడు సార్లు ఉచితంగా వచ్చి ఆడి చూసే వీలు ఉంటుంది. దీన్ని ‘ప్రోబెట్రైనింగ్’ అంటారు. ఆటలో నాకు ఇబ్బంది కలగలేదు. ఫోర్‌హ్యాండ్ చేతిలో ఇంకా మిగిలే ఉంది, బ్యాక్‌హ్యాండ్ మాత్రం తుప్పు పట్టింది. ఇబ్బంది వచ్చింది ఆట ముగిశాకే. తొమ్మిదిన్నర కాగానే అందరూ ఒక్కసారిగా బ్యాట్లు పక్కన పెట్టి బల్లల వైపు కదిలారు. అతిథిగా వచ్చినవాణ్ణి కదా, అడ్డం రాకుండా ఉండడమే మర్యాద అనుకుని నేను గోడవారగా నిలబడ్డాను. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అయితే రెండో వారం అదే గోడ దగ్గర నిలబడబోతుంటే, అరవై దాటిన ఒక స్త్రీ ఒంటరిగా బల్ల మడవడానికి అవస్థ పడుతూ కనిపించింది. పరుగున వెళ్ళి రెండో కొస పట్టుకున్నాను. వల విప్పాలి, కింది గొళ్ళెం లాగాలి, రెండు సగాలూ ఒకేసారి పైకి లేపాలి. టక్కుమని చప్పుడు వచ్చేదాకా చేయి వదలకూడదు. ఆ తరవాత చక్రాల మీద నెట్టుకుంటూ సామాన్ల గదికి తీసుకెళ్ళాలి. అక్కడ ఎనిమిది బల్లలూ ఒక వరస ప్రకారమే పడతాయి. ఒకటి అటూ ఇటూ అయితే తలుపు మూసుకోదు. బల్లల చుట్టూ పెట్టే అడ్డుతెరలు, బంతులు ఏరే జల్లెడ, అంకెల పలకలు, ప్రతిదానికీ అక్కడ ఒక చోటు ఉంది. ఆ పావుగంట పనిలో నాతో మాట్లాడినవారి సంఖ్య అంతకుముందు రెండు గంటల ఆటలో మాట్లాడినవారికంటే ఎక్కువ.

మాటల విషయం వచ్చింది కనుక మరొకటి చెప్పాలి. మన నువ్వు, మీరు లాగే జర్మన్‌లో ‘దూ’, ‘జీ’ ఉన్నాయి. భాష తరగతిలో పెద్దవారిని, కొత్తవారిని ‘జీ’ అనే పిలవాలని నేర్పారు. అది నా స్వభావానికీ సరిపోయింది. సంఘంలో మాత్రం పదిహేనేళ్ళ కుర్రాడి దగ్గర్నుంచి డెబ్బై ఏళ్ళ వృద్ధుడి దాకా అందరూ ఒకరికొకరు ‘దూ’యే. తెల్లజుట్టు పెద్దాయనను నువ్వు అనడానికి నాకు నోరు రాలేదు. నెల రోజులపాటు వాక్యాలన్నీ సర్వనామం లేకుండా అల్లుకుంటూ వచ్చాను. చివరికి ఆయనే ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, ‘నువ్వు నన్ను మీరు అంటుంటే, నాకు నీతో ఏదో గొడవ ఉందని వీళ్ళు అనుకుంటారు’ అన్నాడు. గౌరవం అనుకుని నేను పాటించినది అక్కడ దూరంగా వినిపిస్తోందని ఆ మాటతో తెలిసింది.

దరఖాస్తు రెండు పేజీలే. పేరు, పుట్టిన తేదీ, చిరునామా, చేరదలచిన విభాగం. వైద్యుడి ధ్రువపత్రం నన్ను ఎవరూ అడగలేదు. చందా బ్యాంకు ఖాతాలోంచి నేరుగా తీసుకోవడానికి అనుమతిస్తూ ఒక సంతకం, దాని పక్కన 22 అక్షరాంకెల ఖాతా సంఖ్య. చందా రెండు భాగాలుగా ఉంటుంది: మొత్తం సంఘానికి ఒకటి, విభాగానికి అదనంగా మరొకటి. సంతకం చేసే ముందు తప్పక చదవవలసింది ‘జాట్సుంగ్’, అంటే సంఘ నియమావళి. సభ్యత్వం ఎప్పుడు, ఎలా వదులుకోవచ్చో అందులోనే ఉంటుంది. హాలుకు రావడం మానేసినంత మాత్రాన సభ్యత్వం రద్దు కాదు. మా సంఘంలో ఏడాది చివరికే మానుకోవచ్చు, అదీ ముందుగా రాతపూర్వకంగా తెలియజేస్తేనే. ఆ గడువు సంఘాన్ని బట్టి మారుతుంది. చట్టం రెండేళ్ళ వరకు కూడా అనుమతిస్తుంది. నాకంటే ముందు వచ్చి, ఉద్యోగం మారి వేరే నగరానికి వెళ్ళిన ఒక మిత్రుడు ఇది తెలియక మరో ఏడాది చందా కట్టవలసి వచ్చింది.

పోటీల్లో ఆడాలంటే సభ్యత్వం ఒక్కటే చాలదు. ఆడే అర్హత కోసం సంఘమే రాష్ట్ర సమాఖ్యకు దరఖాస్తు చేయాలి. జట్ల జాబితాలు పోటీల సీజన్‌లోని శరదృతువు సగానికీ, వసంతపు సగానికీ విడివిడిగా తయారవుతాయి కాబట్టి నేను జనవరి దాకా ఆగాను. ఇక్కడ ప్రతి ఆటగాడికీ టీ.టీ.ఆర్. అనే ఒక అంకె ఉంటుంది. గెలుపోటములను బట్టి అది పెరుగుతూ తరుగుతూ ఉంటుంది, జట్టులో ఎవరు ఎన్నో స్థానంలో ఆడాలో ప్రధానంగా అదే నిర్ణయిస్తుంది. నా బ్యాట్ విషయంలో చిన్న చిక్కు వచ్చింది. రబ్బరు మీద అంతర్జాతీయ సమాఖ్య ఆమోదముద్ర ఉండాలి, ఒక వైపు తప్పనిసరిగా నల్లగా ఉండాలి. రెండో వైపు ఎరుపు ఒక్కటే ఉండాలన్న నియమం 2021 అక్టోబరులో సడలింది. నా పాత రబ్బర్లకు ఆ ముద్ర లేదు. తెల్లజుట్టు పెద్దాయన తన ఇంట్లో కొత్తవి అంటించి ఇచ్చాడు. జిగురు ఆరేదాకా అంచుల మీద రోలర్ తిప్పుతూనే ఉన్నాడు.

కింది స్థాయి లీగులో విడిగా అంపైర్లు ఉండరు. ఆడనివారు అంకెల పలక దగ్గర కూర్చుని లెక్క చూస్తారు. మొదటి మ్యాచ్‌లో నేను రెండు సింగిల్స్ ఓడిపోయాను. ఆ రెండో సింగిల్స్‌లో, నాలుగో గేము, తొమ్మిది తొమ్మిది మీద ఉన్నప్పుడు నా బంతి బల్ల అంచుకు తగిలిందో లేదో నాకే తెలియలేదు. నా ప్రత్యర్థి వేలు పైకెత్తి, తగిలింది అని చెప్పి, పాయింటు నాకు ఇచ్చేశాడు. ఆ తరవాత మరో పాయింటు కొట్టి గేము నేనే గెలిచాను, అయిదోది ఆయన గెలిచాడు.

మార్చిలో సర్వసభ్య సమావేశానికి రమ్మని ఉత్తరం వచ్చింది. వెళ్ళాలా వద్దా అని తటపటాయించి వెళ్ళాను; వెళ్ళడం మంచిదైంది. కోశాధికారి జమాఖర్చులు పైసలతో సహా చదివాడు. సభ్యుల్లోంచే ఎన్నికైన ఇద్దరు తనిఖీదారులు లేచి, రసీదులన్నీ చూశామని, లెక్క సరిపోయిందని చెప్పారు. కార్యవర్గం పనితీరును ఆమోదించేవారు చేతులెత్తాలని అధ్యక్షుడు కోరాడు. యూరోపియన్ యూనియన్ పౌరుణ్ణి కాను కనుక ఈ పట్టణపు పురపాలక ఎన్నికల్లో నాకు ఓటు లేదు. ఇక్కడ మాత్రం అధ్యక్షుడు వరసల వెంట పెన్ను చూపిస్తూ లెక్కపెడుతూ వచ్చి, నా దగ్గర కూడా ఆగి, ‘ముప్పై నాలుగు’ అని ముందుకు కదిలాడు. చేయి దించాక కూడా ఆ అంకె కాసేపు నాలో మోగుతూనే ఉంది.

టేబుల్ టెన్నిస్ విభాగంలో సామాన్లు చూసుకునే బాధ్యత ఆ ఏడాది ఖాళీగా ఉంది. ఎవరైనా తీసుకుంటారా అని అడిగినప్పుడు గది నిశ్శబ్దమైంది; అందరూ బల్ల వైపు చూస్తూ కూర్చున్నారు. విరిగిన గొళ్ళేలు ఏవో, సాగిపోయిన వలలు ఏవో అప్పటికే నాకు తెలుసు. నేను చేస్తానన్నాను. మళ్ళీ చేతులు లేచాయి. కార్యదర్శి నివేదిక రాసుకుంటూ నా ఇంటిపేరు దగ్గర ఆగిపోయి అక్షరాలు చెప్పమంది. ఒక్కొక్కటే చెప్పాను. రాయడం పూర్తయ్యాక కాగితాన్ని నా వైపు తిప్పింది; ఒక అక్షరం తప్పు పడింది. పెన్ను తీసుకుని దిద్దాను.